రాజీనామాకు ముందటి సంవత్సరములు

స్థిరమైన ఉద్యోగమును విడిచి, చిరకాలముగా మనస్సునందు పెరుగుచున్న చిత్రలేఖనమునకో, సంగీతమునకో, రచనకో, లేక తన చేతులతో తాను నెలకొల్పదలచిన ఒక చిన్న వ్యాపారమునకో తన దినములను సమర్పింపవలెనని తలచువాని యెదుట మన సమాజము సాధారణముగా రెండే మాటలు పలుకును. ఇంటి పెద్దలు కూర్చున్న కొమ్మను నరుకుకొనవలదని వారింతురు. స్నేహితులు ధైర్యము చేయుమని వీపు తట్టుదురు. రెండు మాటలును సద్భావముతో వచ్చినవే. కాని రాజీనామా యిచ్చు క్షణమే ఈ వృత్తాంతమునకంతకును ప్రధానఘట్టమను భ్రమ ఆ రెండింటికిని ఆధారముగా నున్నది. రాజీనామా యనునది ఒక్క పుట కాగితము. దానిని వ్రాయుటకు కావలసిన ధైర్యము గడియసేపు నిలిచిన చాలును. ఆ కాగితమునకు ముందు గడచిన సంవత్సరములలో, జీతమునకు అమ్ముడుపోక తనకు మిగిలిన ఉదయములందును సాయంకాలములందును ఆ మనుష్యుడేమి చేసెనన్నదే పిదపటి సంవత్సరముల గతిని చాలవరకు నిర్ణయించును. ఈ అధ్యాయమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ ముందటి కాలమును గురించియే.

ఇందుకు నిదర్శనముగా సర్ సి. వి. రామన్ జీవితమునందలి పదియేండ్లను తలచుకొనుట యుక్తము. తండ్రి విశాఖపట్టణమున కళాశాలాధ్యాపకుడుగా నుండుటచే ఆ నగరముననే బాల్యవిద్య నభ్యసించి, పిదప మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రమున ఎం. ఏ. పట్టము గడించిన ఆ యువకుడు, శాస్త్రపరిశోధనచే జీవించుటకు మన దేశమున మార్గమే కానరాని ఆ దినములలో, ఆర్థికశాఖ పోటీపరీక్షయందు ఉత్తీర్ణుడై 1907లో కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరలుగా చేరెను. నాటి భారతీయునకు దుర్లభమైన గౌరవమును, మంచి వేతనమును, జీవితాంతము నిశ్చింతను ఒక్కసారిగా చేకూర్చు పదవి యది. ఆ నగరమున బౌబజారు వీధిలో, 1876లో మహేంద్రలాల్ సర్కారు స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అను పరిశోధనాలయము పరికరములుండియు పరిశోధకులు లేక పడియుండగా, రామన్ దాని తలుపు తట్టెను. నాటినుండి తెల్లవారుజామున కొంతసేపు అక్కడ పనిచేయుటయు, పిదప కార్యాలయమునకేగి ప్రభుత్వపు లెక్కలు చూచుటయు, సాయంకాలము మరల అక్కడికే చేరి రాత్రి పొద్దుపోవువరకు తీగల కంపనములను, వాద్యముల నాదమును పరీక్షించుటయు ఆయన దినచర్య యయ్యెను. నడుమ రంగూనునకును నాగపురమునకును బదిలీలు వచ్చినను, 1911లో కలకత్తాకు తిరిగి రాగానే ఆ దినచర్య మరల అందుకొన్నది. ఉద్యోగములో నుండగానే ఆయన పరిశోధనలు ‘నేచర్’, ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’ వంటి విదేశపత్రికలలో వెలువడెను.

ఇట్లు పదియేండ్లు గడచిన పిమ్మట, 1917లో, అశుతోష్ ముఖర్జీ ఆహ్వానముపై కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిట్ ఆచార్యపీఠమును స్వీకరించి, జీతము బాగుగా తగ్గునని తెలిసియే, రామన్ ప్రభుత్వోద్యోగమును వదలెను. ఆ పీఠమునెక్కువాడు విదేశములలో శిక్షణ పొందియుండవలెనను నిబంధనకు సైతము ఆయన లొంగలేదు. ఆ నిబంధనయే సడలవలసివచ్చెను. ఈ కథను మనవారు త్యాగకథగా చెప్పుదురు. త్యాగము లేకపోలేదు, కాని ఆ రాజీనామా పిమ్మట ఆయన మరునాడు ఉదయము చేసిన పని, అంతకు ముందునాడు ఉదయము చేసిన పనియే యని గమనింపుడు. మారినది పని కాదు, పనికి దొరకు వేళ. అప్పటికే ఒక మనుష్యునివలన సాధ్యమైనంత పెరిగి, ఇక కార్యాలయము మింగుచున్న గంటలు కూడ లభించిననే గాని ముందుకు సాగలేనంత దశకు వచ్చిన పనికి, ఆ గంటలను సమకూర్చి యిచ్చుటయే ఆయన చేసినది. 1928లో వెలుగు చూచిన ఆవిష్కరణమునకును, 1930 నాటి నోబెల్ బహుమానమునకును పునాది ఆ అణగిమణగి జరిగిన పదియేండ్ల సాయంకాలములలో నున్నది.

కాబట్టి, ఉద్యోగము వదలదలచినవాడు మొట్టమొదట పరీక్షింపవలసినది తన ధైర్యమును కాదు, తన కోరిక యొక్క మూలమును. ఆ కోరిక చేయదలచిన పనిమీది ప్రేమనుండి పుట్టినదా, చేయుచున్న పనిమీది విసుగునుండి పుట్టినదా యని విచారింపవలెను. ఈ రెండును బయటికి ఒక్కటిగానే కనబడును. ఒకటి రెండవదాని వేషము వేసికొని వచ్చుటయు కద్దు. పైయధికారి పరుషవాక్యములు, న్యాయముగా రావలసిన పదోన్నతి తప్పిపోవుట, దినమునకు మూడుగంటల రాకపోకలు, లక్ష్యములు చేరలేదని నెలనెలా జరుగు విచారణలు, ఇట్టివి మనుష్యుని నలుగగొట్టి, ఇచ్చటినుండి ఎచ్చటికైనను పారిపోవుదమనిపించును. అట్టి స్థితిలో ఎన్నడో బాల్యమున వదలివేసిన వీణయో, సగము వ్రాసి పెట్టెలో దాచిన నవలయో జ్ఞాపకమునకు వచ్చి, అదియే తన నిజమైన జీవితమని తోచును. ఆ తోచుట అసత్యమని నేననను. కాని దానిని నమ్ముటకు ముందు ఒక బదిలీకో, శాఖ మార్పునకో, మరియొక సంస్థలో అదేవిధమైన ఉద్యోగమునకో ప్రయత్నించి చూచుట మేలు. పైయధికారి మారినంతమాత్రమున నవల మరుపునకు వచ్చినచో, ఆ మనుష్యునకు కావలసినది విశ్రాంతియు, మర్యాదయు, నవల కాదు. అందుకు భిన్నముగా, పదోన్నతి వచ్చిననాడు, జీతము పెరిగిననాడు, తోటివారు దండలు వేసి అభినందించిననాడు కూడ ఇంటికి చేరి తలుపు వేసికొని ఆ సగము పుటయొద్దనే కూర్చుండువాని కోరికను ఎవ్వరును తేలికగా తలపరాదు.

ఈ పరీక్షకు ఇంకొక పార్శ్వము కలదు. ఒక సంవత్సరకాలము వెనుకకు తిరిగి చూచుకొని, ఆదివారములలో, దసరా సంక్రాంతి సెలవులలో, ఇంటిలోని వారందరు నిద్రించిన పిమ్మటి గంటలలో, ఆ పనితో తాను నిజముగా ఎంతకాలము గడపెనో లెక్కించుకొనవలెను. దానిని గురించి మాటాడిన కాలము గాని, దానిని గురించి చదివిన కాలము గాని లెక్కలోనికి రాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లు, సంస్థకు పేరును, ముద్రికను, కార్డులను సిద్ధముచేసికొని, అమ్మదగిన వస్తువు నొక్కదానినైనను ఇంకను తయారుచేయనివారు కొందరుందురు. తీరిక లేకపోవుటచే చేయలేకపోయితినని వారు చెప్పుదురు. వారమునకు నాలుగు గంటలు దొరికినప్పుడు ఒక గంటయైనను పని చేయనివానికి నలుబది గంటలు దొరికినంతనే పనిచేయు అలవాటు ఆకసమునుండి ఊడిపడదు. పైగా, కార్యాలయమను నెపము తొలగిపోయి, చేయకపోవుటకు కారణము తానొక్కడే మిగిలినప్పుడు కలుగు వేదన మిక్కిలి దుస్సహముగా నుండును.

సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ చిత్రమును నిర్మించిన విధమును కొంత విస్తరించి చెప్పవలెనని నాకు కలదు. ఏలయనగా ఉద్యోగము, సృజన పరస్పర శత్రువులను మాటను ఇంత స్పష్టముగా ఖండించు దృష్టాంతము మరియొకటి నాకు తెలియదు. ఆయన 1943లో కలకత్తాలో డి. జె. కీమర్ అను ఆంగ్లేయుల ప్రకటనల సంస్థయందు నెలకు 80 రూపాయల జీతముపై చిత్రకారుడుగా చేరెను. ఆ కాలముననే సిగ్నెట్ ప్రెస్ ప్రచురణలకు ముఖచిత్రములు వేయుచు, విభూతిభూషణుని ‘పథేర్ పాంచాలి’ నవలకు పిల్లల కొరకు సిద్ధమైన సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీయవలసివచ్చుటచే, ఆ కథను దృశ్యములుగా చూచు అలవాటు ఆయనకు జీతపు పనివంటి పనినుండియే సంక్రమించెను. 1950లో సంస్థయే తన పనిమీద లండనునకు పంపగా, అక్కడ ఇటలీవారి ‘బైసికిల్ థీవ్స్’ చిత్రమును చూచి, నటనానుభవము లేని మనుష్యులతో, వీధులలో, స్వల్పవ్యయముతో చిత్రము తీయవచ్చునను నమ్మకము సంపాదించెను. తిరుగు ప్రయాణమున ఓడలోనే చిత్రమునకు రూపరేఖలు గీయ నారంభించెను. ఆయనను లండనునకు పంపినది గాని, ఆ చిత్రము చూచుటకు తీరిక నిచ్చినది గాని ఆ ఉద్యోగమే.

1952 అక్టోబరులో చిత్రీకరణము ఆరంభమైనది. పనిదినములలో ప్రకటనల సంస్థ. సెలవుదినములలో రెల్లుపూలు విరిసిన పొలము. తొలినాడు ఆ రెల్లుపొలములో కొంత దృశ్యము తీసి, వారము తరువాత మరల వెళ్లి చూడగా పూలన్నియు పశువులు మేసిపోయియున్నవి. మిగిలిన దృశ్యమునకై మరుసటి పూల ఋతువు వరకు వేచియుండవలసివచ్చెను. జీతము లేని మనుష్యుడైనచో అంతకాలము వేచియుండగలిగెడివాడా యని నేను పలుమారు యోచించితిని. నెలనెలా ఇంటికి వచ్చు ఆ సొమ్మే, తొందరపడి వేరొక పొలములో వేరొక పువ్వుతో సరిపెట్టుకొనవలసిన దుర్గతినుండి ఆ చిత్రమును కాపాడెను. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర అంతకుముందు చలనచిత్రపు కెమెరాను నడపి యెరుగడు. దర్శకుడు అంతకుముందు చిత్రము తీసి యెరుగడు. విరామములతో నడచిన ఆ మూడేండ్ల కాలము వారిరువురకును పాఠశాల యైనది. డబ్బు చాలక, రాయ్ తన జీవితభీమా పత్రమును తనఖా పెట్టెను, ప్రాణసమానమైన సంగీతపు రికార్డులను అమ్ముకొనెను, భార్య నగలు కుదువకు పోయెను. తుదకు పశ్చిమ బెంగాలు ప్రభుత్వము ధనసాహాయ్యము చేయగా 1955 ఆగస్టులో చిత్రము కలకత్తాలో విడుదలైనది. అది ప్రజలకు చేరిన పిదపనే ఆయన కీమర్ సంస్థకు స్వస్తి చెప్పెను. భీమాపత్రమును తనఖా పెట్టిన సాహసమును అందరును కీర్తింతురు గాని, అది అనుకరింపదగినదని నేను చెప్పజాలను. ఆ సాయమే అందకున్నచో ఆ కుటుంబము గతి యేమగునో యూహింపుడు. అనుకరింపదగినది ఆ మూడేండ్లును ఆయన కార్యాలయమునకు పోయివచ్చుచుండుట.

ఇక ధనవిషయము. సృజనను గురించి పలికినంత ఉత్సాహముతో దీనిని గురించి పలుకువారు తక్కువ. అందుచేతనే ఇచ్చట కొంత నిలిచి మాటాడవలసియున్నది. ఉద్యోగి తన జీతమును మాత్రమే లెక్కించుకొనును. సంస్థ తనకై మౌనముగా భరించుచున్నదానిని మరచును. ప్రావిడెంటు ఫండులో యాజమాన్యపు వాటా, కుటుంబమంతటికిని వర్తించు వైద్యభీమా, అనారోగ్యముతో పడుకొన్ననాటికి కూడ లభించు వేతనము, ఇంటి ఋణమునకు బ్యాంకువారు చూపు నమ్మకము, ఇవన్నియు రాజీనామాతోపాటు నిష్క్రమించును. ఇంటిలో తల్లిదండ్రులు మధుమేహముతోనో రక్తపుపోటుతోనో ఉన్నచో, సంస్థ భీమా ఉన్నప్పుడే సొంత వైద్యభీమా తీసికొనుట అత్యవసరము. ఏలయన, ముందునుండియున్న వ్యాధులకు భీమాసంస్థలు కొన్ని సంవత్సరముల నిరీక్షణకాలము విధించును. ఆ కాలము జీతము వచ్చుచున్ననాళ్లలోనే గడచిపోవుట మేలు. 5 సంవత్సరముల అవిచ్ఛిన్నసేవ నిండినవానికి గ్రాట్యుటీ, అనగా సేవ చేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల వేతనము చొప్పున, లభించును. ఆ గడువునకు కొలది నెలలున్నప్పుడు తొందరపడి వెడలుట పౌరుషము కాదు, నష్టము మాత్రమే. పాత పింఛను పద్ధతి క్రిందనున్న కేంద్రప్రభుత్వోద్యోగి విషయమున భేదము ఇంకను పెద్దది: రాజీనామా యిచ్చినచో గతసేవ యంతయు లోపించును, 20 సంవత్సరముల అర్హసేవ నిండిన పిమ్మట మూడునెలల నోటీసుతో స్వచ్ఛందముగా విరమించినచో పింఛను నిలుచును. సేవలో పదునెనిమిదవ ఏట కోపముతో రాజీనామా వ్రాయబోవువాని చేయి పట్టుకొని ఆపుట స్నేహితుని కర్తవ్యము.

నిల్వధనము ఎంత యుండవలెనని అందరును అడుగుదురు. కుటుంబమునకు ఒక సంవత్సరపు వ్యయమునకు తక్కువ గాకుండ ఉండవలెనని నా అభిప్రాయము. పిల్లల చదువు నడుమనున్నవారికి రెండు సంవత్సరములది. నెలకు 40,000 రూపాయలు ఖర్చగు ఇంటికి సంవత్సరమునకు 4,80,000 అని గుణించి తృప్తిపడరాదు. బడిరుసుములు, భీమా వాయిదాలు, పండుగలు, బంధువుల వివాహములకు చదివింపులు, ఊరికి పోయిరాకలు, ఇంటి మరమ్మతు, ఇట్టివి నెలలెక్కలో కనబడక సంవత్సరపు లెక్కలో పొంచియుండును. చీటీలు కట్టుచున్నచో అవి ముగియువరకును, బంగారము తాకట్టులో ఉన్నచో అది విడిపించుకొనువరకును వేచియుండుట మంచిది. ఈ నిల్వను కూడబెట్టుటకు నేను అందరికిని ఒకే ఉపాయము చెప్పుచుందును. కొత్త వృత్తిలో మొదటి సంవత్సరము నెలకెంత రాగలదో నిర్దాక్షిణ్యముగా అంచనా వేసి, ఉద్యోగములో నుండగానే ఆరునెలలు ఇల్లంతయు ఆ మొత్తముతోనే గడుపవలెను; మిగిలిన జీతమును వేరొక ఖాతాలో వేసి మరచిపోవలెను. దీనివలన సొమ్ము చేరును. అంతకంటె ముఖ్యముగా, ఆ జీవితము ఇంటివారికి సహింపదగినదగునో కాదో వాదములతో గాక అనుభవముతో తేలిపోవును. మూడవ నెలలోనే ఇల్లు కలతపడినచో, కోల్పోయినది ఏమియు లేదు. జీతము అట్లే యున్నది.

ఉద్యోగములో నుండి సొంతపని చేసికొనుటకు నియమములు అంగీకరించునా యను సందేహము న్యాయమైనది. కేంద్రప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 ప్రకారము, అప్పుడప్పుడు చేయు సాహిత్య, కళా, శాస్త్రసంబంధమైన పనికి, అది విధినిర్వహణకు ఆటంకము గానంతవరకు, ముందుగా అనుమతి అక్కరలేదు. వ్యాపారమునకైనచో అనుమతి కావలెను. ప్రైవేటు సంస్థలలో నియామకపత్రమే శాస్త్రము. దానిని చేరిననాడు సంతకముచేసి మరచినవారు ఇప్పుడైనను తీసి చదువవలెను. కాపీరైటు చట్టము 1957 ప్రకారము ఉద్యోగి తన ఉద్యోగవిధులలో భాగముగా సృష్టించిన దానిపై, వేరే ఒప్పందము లేనిచో, మొదటి హక్కు యజమానిది. కావున సంస్థ ఇచ్చిన కంప్యూటరుపై, సంస్థ వేళలలో తన నవలను గాని, తన రూపకల్పనను గాని చేయరాదు. ఇది ధర్మవిషయము కూడ.

మన తెలుగుదేశమున ఉద్యోగత్యాగమనగానే అందరికి జ్ఞాపకము వచ్చు కథ నందమూరి తారకరామారావుగారిది. 1947లో గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్‌రిజిస్ట్రారుగా చేరి, మూడువారములకే ఆ పదవిని వదలి సినిమారంగమునకు పోయెనను వృత్తాంతమును యువకులు ఉత్సాహముతో చెప్పుకొందురు. ఆ మూడువారములకు ముందున్నదానిని చెప్పువారు తక్కువ. విజయవాడలో విద్యార్థిగా నుండగా విశ్వనాథ సత్యనారాయణగారి నాటకములో నాగమ్మ పాత్రను, మీసము తీయనని పట్టుపట్టి, మీసముతోనే ధరించినది ఆయనయే; గుంటూరు క్రైస్తవ కళాశాలనాళ్లలో నాటకసమాజమును నడపి ఊరూర ప్రదర్శనములిచ్చినదియు ఆయనయే. తరువాతి మాటను కూడ మరువరాదు: 1949లో వెలువడిన ‘మన దేశం’లో ఆయనకు లభించినది చిన్న పోలీసు పాత్ర, నాయకపాత్రతో ‘పల్లెటూరి పిల్ల’ వచ్చినది 1950లో. వదలిన పదవికిని దొరికిన స్థానమునకును నడుమ సంవత్సరముల ఎడమున్నది.

వ్యాపారము నెలకొల్పదలచినవారికి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితము ఇంకను అనుకూలమైన పాఠము. బొంబాయిలో పరుల కొలువులో వ్యాపారపు మెళకువలు గ్రహించి, 1893లో అమృతాంజనమును ఆరంభించి, తొలినాళ్లలో సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి ప్రజలకు పరిచయముచేసి, ఆ వ్యాపారము పాదుకొన్న పిమ్మటనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో అది మదరాసున దినపత్రిక యైనది. 1924లో ‘భారతి’ సాహిత్యపత్రిక, పిదప ఆంధ్రగ్రంథమాల. ఆయన హృదయము భాషాసేవయందును, దేశసేవయందును ఉన్నదని ఆయన వ్యయముచేసిన విధమే చెప్పుచున్నది. కాని ఆ సేవకు తనను తాను పోషించుకొను భారమును ఆయన పెట్టలేదు. తలనొప్పి మందు సాహిత్యపత్రికను పోషించెను. మనకు మిక్కిలి ప్రియమైన పనియే మనకు అన్నము కూడ పెట్టవలెనను పట్టుదల ఈ కాలమున బలీయమైనది. ఆ పట్టుదల వలన ఎందరో చిత్రకారులు తమకు నచ్చని పెండ్లిపత్రికలను జీవితాంతము గీయుచున్నారు. అన్నము పెట్టు పని యొకటియు, ఆత్మకు తృప్తినిచ్చు పని యొకటియు వేరువేరుగా ఉండి, మొదటిది రెండవదానికి సొమ్మును, వేళను సమకూర్చుట ఏ మాత్రమును తలవంపు కాదు.

అంతేకాదు, అసలే వదలకుండుటయు ఒక మార్గము. కాళీపట్నం రామారావుగారు విశాఖపట్టణమున సెయింట్ ఆంథోనీ పాఠశాలలో 1948 నుండి 1979 వరకు లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసిరి. ‘యజ్ఞం’ వంటి కథను వ్రాసినది ఆ ఉపాధ్యాయుడే. పదవీవిరమణ పిమ్మట, సాహిత్య అకాడెమీ పురస్కారపు సొమ్ముతో 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి, తెలుగు కథలన్నిటిని ఒక్కచోట చేర్చు బృహత్కార్యమును ఆరంభించిరి. తక్కువ వ్రాసి, ఎంతోకాలము దిద్దుకొను స్వభావముగల రచయితకు పూర్తివేళ అక్కరలేదు. నెలసరి జీతమిచ్చు స్వాతంత్ర్యమే, అనగా అమ్ముడుపోవుటకై వ్రాయనక్కరలేని స్వాతంత్ర్యమే, అతనికి ఎక్కువ విలువైనది. సంగీతమునకు, నృత్యమునకు, శిల్పమునకు దీర్ఘమైన పగటివేళలు కావలెను. కథకును పద్యమునకును అట్లు కాదు. తన కళ ఏవిధమైన వేళను కోరుచున్నదో తెలిసికొనకయే రాజీనామా యిచ్చువారు పెక్కండ్రు.

ఇంటివారితో మాటాడు విషయమున ఒకటి రెండు మాటలు. తండ్రి “ఇంత చదివించినది ఇందుకా నాయనా?” యని యడిగినప్పుడు కళయొక్క మహత్త్వమును గురించి ఉపన్యసించుట నిష్ఫలము. ఆయన అడుగుచున్నది భయముచేత. భయమునకు ప్రత్యుత్తరము లెక్కల పుస్తకము. పైని చెప్పిన నిల్వధనమును, భీమాపత్రమును, ఇంతవరకు సొంతపని వలన వచ్చిన ఆదాయమును, అది ఎంత చిన్నదైనను, ఆయన ముందుంచి, ఎంతకాలము ప్రయత్నించి చూతువో ఆ గడువును కూడ చెప్పుము. ఆయన సమ్మతింపకపోవచ్చును, కాని రాత్రి నిద్రపోగలడు.

స్త్రీల విషయము వేరుగా చెప్పవలసియున్నది. దీనిని మన వికాసగ్రంథములు తరచు దాటిపోవుట నాకు బాధ కలిగించును. పురుషుడు ఉద్యోగము మాని ఇంటిలో కూర్చుండి వ్రాయుచున్నచో, అతని గదిదాపున పిల్లలను అల్లరి చేయనీయరు. స్త్రీ అదే పని చేసినచో, “ఇంట్లోనే ఉన్నావు గదమ్మా” యను ఒక్క మాటతో ఆమె పగలంతయు వంటకును, అత్తమామల మందులకును, పిల్లల బడిబండికి ఎదురుచూచుటకును, వచ్చిపోవు చుట్టములకును పంచబడిపోవును. జీతముతో కొని తెచ్చుకొన్న పనిమనిషిని కూడ ఖర్చు తగ్గించుటకై మొట్టమొదట మాన్పింతురు. ఆరునెలలకు ఆమె చేతిలో ఉద్యోగమును లేదు, చిత్రమును లేదు. ఉన్నదియు పోయినది, ఉంచుకొన్నదియు పోయినది. కాబట్టి రాజీనామాకు ముందే భర్తతోను, అత్తగారితోను కూర్చుండి, ఏ గంటనుండి ఏ గంటవరకు తాను ఇంటిలో లేనట్లే భావింపవలెనో, ఆ వేళలో ఏ పని ఎవరు చేయుదురో, పేరుపేరున నిర్ణయించుకొనవలెను. వీలున్నచో పనిచోటును ఇంటివెలుపల, ఒక స్నేహితురాలి మేడమీది గదిలోనైనను, ఏర్పరచుకొనుట ఉత్తమము. ఈ ఒప్పందము కుదరని ఇంటిలో, ఆమెకు కార్యాలయమే ఇంకను కొంతకాలము మంచి ఆశ్రయము. భోజనవిరామపు అరగంటలో గీసిన చిత్రములు, ఎన్నడును గీయని చిత్రములకంటె మేలు.

వదలిన పిమ్మటి తొలినెలలను గురించి హెచ్చుగా చెప్పనక్కరలేదు. మొదటి పదిదినములు పండుగవలె గడచును. పిదప మంగళవారమునకును ఆదివారమునకును భేదము కనబడక మనస్సు దిక్కుతోచక తిరుగును. అందుచే కార్యాలయమునకు పోవు వేళకే స్నానము ముగించి పనిచోట కూర్చుండు నియమమును తొలినాటనుండి పాటింపవలెను. పని ఒప్పుకొన్నప్పుడు కొంత సొమ్ము ముందుగా పుచ్చుకొనుట, ఎన్ని మార్పులవరకు ఆ ధరకే చేయుదువో కాగితముమీద వ్రాసికొనుట, హక్కులన్నియు ఒక్కసారిగా వ్రాసి యీయకుండుట మొగమాటమిచేత మానరాదు. చేసినపనికి డబ్బు రెండుమూడు నెలలు ఆలస్యముగా వచ్చుట ఈ వృత్తులలో సర్వసాధారణమగుటచే, నిల్వధనము ఆ ఎడమును కూడ భరింపవలసియుండును. విడిచిన సంస్థతో సామరస్యమును చెడగొట్టుకొనరాదు. నోటీసు కాలమంతయు శ్రద్ధగా పనిచేసి, చేతనున్న పనిని తరువాతి వానికి పూర్తిగా అప్పగించి వెడలినవానికి, మొదటి ఖాతాదారులుగా వచ్చువారు తరచు ఆ పాత సహోద్యోగులే.

వెడలుటకు ముందే ఒక తేదిని నిర్ణయించి, ఇంటిలోని మరియొకరికి చెప్పి, ఆనాడు లెక్కల పుస్తకమును పని పుస్తకమును రెండింటిని తెరచి చూడవలెను. పదునెనిమిది నెలలు మంచి గడువని నాకు తోచును. ఆనాటికి నిల్వధనము సగమునకు తగ్గి, పని మాత్రము వారవారము సాగుచున్నచో, కొంతకాలము సగము ఉద్యోగమునకో, ఒప్పందపు పనికో తిరిగిపోయి, సొమ్ము చేర్చుకొని మరల రావచ్చును. ఆ ఉద్దేశముతోనే వృత్తిసంబంధమైన అర్హతపత్రములను, పరిచయములను ఈ కాలమున వాడిపోనీయకుండ కాపాడుకొనవలెను. నిల్వధనము నిండుగా నుండి పని పుస్తకములో పుటలు తెల్లగా నున్నచో, గడువును పొడిగించుకొనక, ఆ వారముననే ఉద్యోగమునకు దరఖాస్తు పంపవలెను.